ఆడవాళ్ళ వైపు

కూర్మన్నపాలెంలో డ్రామా డాక్టరమ్మ ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలైనా చూపిస్తారు. గేటుకి "డాక్టర్ మిరియం" అని బోర్డు తగిలించిన పాపానికి మొదట్లో జ్వరాలవాళ్ళూ దగ్గులవాళ్ళూ వచ్చి వరండాలో కూర్చునేవారు. ఆవిడ భర్త సత్యం అప్పట్లో ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. నైట్ షిఫ్టు దిగి, కళ్ళు భగభగ మండుతూ ఇంటికొచ్చి, వాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పేవాడు. "మా ఆవిడ సూదిమందు డాక్టరు కాదండి బాబూ, డ్రామాల డాక్టరు." ఆ మాట కాలనీ అంతా పాకి, చివరికి అదే పేరైపోయింది. మిరియం ఏమీ అనుకోలేదు సరికదా, ముచ్చటపడింది.

ఏ డ్రామాలు అని అడిగితే మాత్రం చిక్కు. స్పెయిను దేశంలో నాలుగు వందల ఏళ్ళ కిందటి డ్రామాలు. అందులోనూ, మగవేషం కట్టి స్టేజీ ఎక్కిన ఆడవాళ్ళు. పెళ్ళిళ్ళలో ఎవరైనా పట్టుకుని అడిగితే సత్యం చెప్పే తీరు ఇది: "మన కాడ మగోళ్ళు ఆడేసం కట్టీవోరు కదా బావా. ఆ దేశంలో ఆడోళ్ళే మగేసం కట్టీవోరు. అదీ మా ఆవిడ సబ్జెక్టు." అవతలివాడు బుర్ర గోక్కుని, "దానికి జీతం ఇత్తారేటి?" అనేవాడు. ఇస్తారు మరి, ఎందుకివ్వరూ! అయితే దానికి కాదు, వేరేదానికి.

అసలీ పిచ్చి మిరియానికి బళ్ళోనే పట్టుకుంది. కాన్వెంటులో స్పెయిను నుంచి వచ్చిన ఒక ముసలి మదర్ ఉండేది. కోపం వస్తే ఆవిడ ఇంగ్లీషు మర్చిపోయి సొంత భాషలో తిట్టేది. మిగతా పిల్లలు బిక్కచచ్చి నిలబడితే, మిరియం మాత్రం సాయంత్రం వెళ్ళి ఆ తిట్లకి అర్థాలు అడిగేది. అలా తిట్లతో మొదలుపెట్టి, ప్రార్థనల మీదుగా, పద్యాల దాకా వెళ్ళిపోయింది. ఢిల్లీ వెళ్ళి పీహెచ్‌డీ చేసి, మళ్ళీ ఈ ఊరే వచ్చింది.

స్పానిష్ నాటకాలు చెప్పమని ఈ ఊళ్ళో ఉద్యోగం ఎవరిస్తారు? ఇంగ్లీషు చెప్పమని ఇచ్చారు. పగలంతా డిగ్రీ పిల్లలకి టెన్సులు, లీవ్ లెటర్లు. సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికొచ్చి, పప్పు కుక్కర్లో పడేసి, అది కూత పెట్టేలోగా ఒక పద్యం. అన్నం వార్చేలోగా ఇంకోటి. ఆ కాలపు అచ్చులో అక్షరాలే వేరుగా ఉంటాయి. నేర్పేవాళ్ళు లేక, భూతద్దం పెట్టుకుని తనంతట తనే నేర్చుకుంది. నాటకాల కంపెనీలు నడిపిన ఆడవాళ్ళ గురించి రాసింది. మగవాళ్ళ దుస్తులు వేసుకుని స్టేజీ ఎక్కితే కాళ్ళు కనపడుతున్నాయని పెద్దమనుషులు పెట్టిన గగ్గోలు గురించి రాసింది. వద్దని హుకుం వచ్చిన ప్రతిసారీ ఆ మహాతల్లులు మళ్ళీ ఎలా ఎక్కారో అదీ రాసింది. ఎక్కడెక్కడి దేశాల పత్రికల్లోనో ఆ వ్యాసాలు అచ్చయ్యేవి. చుట్టాల్లో ఒక్కరికైనా అందులో ఒక ముక్క అర్థం కాదు. సత్యానికీ కాదు. అయినా వచ్చిన ప్రతి పత్రికకీ అట్ట వేసి బీరువాలో పెట్టేవాడు. ఆవిడ టేబుల్ దగ్గర కూర్చుంటే క్రికెట్ మ్యాచ్ అయినా సరే, టీవీ నోరు నొక్కేసేవాడు.

ఇప్పుడు ఆవిడ రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. వ్యాసాలు బోలెడు గానీ సొంతంగా ఒక పుస్తకం లేదు. ఆ పుస్తకం ఇన్నాళ్ళకి వచ్చే వేళకి, ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయింది.

ఆ సంగతి ఇది. ఎప్పుడో మాడ్రిడ్ వెళ్ళినప్పుడు, అక్కడి లైబ్రరీలో మిరియానికి ఒక చిన్న నాటకం దొరికింది. రాసిందెవరో తెలీదు. అందులో ఇనెస్ అనే పిల్ల ఉంటుంది. ఇనెస్ అంటే మన ఆగ్నేసమ్మే. చెయ్యని నేరానికి అన్నని పొరుగూరి జైల్లో పెడితే, ఆ పిల్ల అన్న బట్టలు తొడుక్కుని, కత్తి కట్టుకుని, యాకోబు అని పేరు మార్చుకుని విడిపించడానికి బయల్దేరుతుంది. ఆ జైలున్న కోట గుమ్మం దగ్గర కాపలావాడు ఆపి, ఎవరితో వచ్చావని అడుగుతాడు. ఒంటరిగా వచ్చానంటుంది. స్పానిష్‌లో ఆ మాట మగవాడైతే "సోలో" అంటాడు, ఆడదైతే "సోలా" అంటుంది. పాత అచ్చులో "సోలా" అని ఉంది. మగవేషంలో ఉన్న పిల్ల నోట ఆడమాట! తర్వాత అచ్చువేసిన పండితులందరూ అది అచ్చుతప్పని తీర్మానించి, దాన్ని "సోలో" అని దిద్దేశారు. ఒకరి వెనక ఒకరు, వందేళ్ళపాటు.

తప్పు కాదు అంది మిరియం. రాసినవాళ్ళు కావాలనే రాశారు అంది. ఈ ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది. ఆ నాటకాన్ని పాత అచ్చులో ఉన్నదున్నట్టుగా, వివరాలతో సహా పుస్తకంగా తయారుచేసి విదేశీ ప్రచురణకర్తలకి పంపింది. పుస్తకం బ్రహ్మాండంగా ఉంది, వేస్తామన్నారు. అయితే వాళ్ళు చదవమని ఇచ్చిన పండితుడు ఒక్కటే షరతు పెట్టాడు. ఆ అక్షరం అందరిలాగే దిద్దాలి. లేకపోతే పుస్తకం నమ్మదగ్గది కాదు, తాను ఒప్పుకోడు. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నారు.

 ఆ పుస్తకం కోసం ఆవిడకంటే ఎక్కువ ఎదురుచూస్తున్నవాడు సత్యమే. ఉండబట్టలేక సరాసరి గురునాథరావు గారింటికి వెళ్ళాడు. ఆయన కాలేజీలో మిరియానికి పాత హెడ్డు, పెద్ద చదువరి, మంచివాడు కూడాను. అంతా విని ఆయన నిదానంగా చెప్పాడు.

"అది అచ్చుతప్పేనండీ సత్యం గారూ. ఒక్క అక్షరం. స్టేజీ మీద గబగబా అనేసే మాటలో అది ఎవరికి వినపడుతుంది చెప్పండి? ఎవరికీ వినపడని చమత్కారం ఏ రచయితైనా ఎందుకు రాస్తాడు? మిరియం గారు మొండిపట్టు పడుతున్నారు."

సత్యానికి అది సబబుగానే తోచింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మెల్లగా కదిపాడు.

"ఒక్క అచ్చరమే కదా మిరియం. మార్చీ. అచ్చరం పోతే పోనాది, పుస్తకం వస్తాది."

మిరియం చెయ్యి కంచంలోనే ఆగింది. "గురునాథరావు గారింటికి వెళ్ళారా?"

"ఎల్లాను. ఆయనేటన్నారో తెలుసా? వినపడని జోకు ఎవలూ రాయరన్నారు."

కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. మజ్జిగ పోసుకుని అన్నం కలిపింది.

"ఆయన అడిగిన ప్రశ్న సరైందే," అంది. "ఏమండీ, అక్కడ నాటకశాలల్లో మగవాళ్ళు కింద నేల మీద నిలబడేవారు. ఆడవాళ్ళకి వేరే, పైన ఒక బాల్కనీ. దాని పేరుకి అర్థం ఏంటో తెలుసా? దాక. మనం కూర వండుకునే మట్టి దాక. అంతమందీ అందులో ఇరుక్కుని ఉడికిపోతుంటారని ఆ పేరు. ఈ అక్షరం ఆ దాకలో కూర్చున్నవాళ్ళ కోసం రాసిందని నా నమ్మకం. కానీ ఆ నాటకాన్ని ఇప్పటిదాకా చదివినవాళ్ళే తప్ప విన్నవాళ్ళు లేరు. నేను కూడా చదివాను, అంతే. వినలేదు."

"అయితే ఏటి సేత్తావు?"

"వినిపిస్తాను."

అదీ మిరియం అంటే. మరొకరైతే ఇంకో వ్యాసం రాసేవారు. ఈవిడ నాటకం ఆడించేస్తానంది! నెలాఖరులోపే మరియమాత పండగ వస్తోంది. పండగ సాయంత్రం చర్చి హాల్లో స్త్రీల సంఘం వాళ్ళు ఏటా ఒక పునీతురాలి కథ నాటకంగా వేస్తారు. ఈసారి దానికి బదులు ఈ ఆగ్నేసమ్మ నాటకం వెయ్యమని అడుగుతాను, తెలుగు నేనే చేస్తాను అంది. ఆ మాట ఎవరికీ వినపడకపోతే, ఒక్క మనిషి కూడా పట్టుకోకపోతే, ఆ పండితుడిదే నిజమని ఒప్పుకుని అక్షరం దిద్దేస్తాను అంది.

"ఒట్టు?" అన్నాడు సత్యం.

"ఒట్టు," అంది మిరియం. 

తెలుగు చెయ్యడం అనుకున్నంత తేలిగ్గా అయిందా? అవలేదు. అంతా అయింది గానీ ఆ ఒక్క మాట దగ్గర కొయ్యబారిపోయింది. మన భాషలో "నేను వచ్చాను" అంటే ఆడో మగో తెలీదు కదా! అతను వచ్చాడు, ఆమె వచ్చింది, సరే. నేను అనేసరికి తేడా మాయం. ఒంటరిగా వచ్చాను అన్నా అంతే, తేడా లేదు. ఆవిడ అన్నం సయించక తిరుగుతుంటే సత్యం జాలిపడి, పోనీ ఏదో ఒకటి పెట్టీమన్నాడు. ఏదో ఒకటి పెట్టే మనిషైతే ఇంత దూరం ఎందుకొస్తుంది?

ఒకరోజు దువ్వాడ స్టేషన్లో రైలు దిగి ఆటో ఎక్కింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఒక్కర్తివేనా అమ్మా?" అన్నాడు. "ఒక్కర్తినే," అంది. ఆటో నాలుగు బారలు పోయిందో లేదో, "ఆపు! ఆపు!" అని అరిచింది. ఆటోవాడు బెదిరిపోయి బ్రేకు తొక్కాడు. ఒక్కడినే, ఒక్కర్తినే! ఇంత దగ్గర మాటలు పెట్టుకుని ఊరంతా వెతికింది. ఇంటికొచ్చి గేటు బయటి నుంచే, "దొరికిందండీ!" అని కేకేసింది. పర్సు పోయి దొరికిందేమో అనుకున్నాడు సత్యం.

ఆగ్నేసమ్మ వేషానికి దేవిశ్రీని తీసుకుంది. దేవిశ్రీ ఆవిడ దగ్గర రీసెర్చి చేస్తున్న పిల్ల. సబ్బవరం పక్క రైతుల ఇంటి నుంచి వచ్చింది. పొడగరి, గొంతు ఖంగుమంటుంది. కాపలావాడి వేషం స్త్రీల సంఘంలో ఉన్న ఒక నర్సమ్మకి ఇచ్చారు. రిహార్సల్సులో అందరి ముందూ దేవిశ్రీ "ఒక్కడినే" అనే అనేది. అసలు మాట ఆటరోజునే అనాలి. అది తెలిసింది మిరియానికి, దేవిశ్రీకి, సత్యానికి, అంతే. ఇంట్లో విడిగా సాధన చేయించినప్పుడు దేవిశ్రీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగి, కళ్ళు తిప్పి, నొక్కి పలికేది.

"నొక్కకమ్మా," అనేది మిరియం. "నువ్వు నొక్కితే అది పరీక్ష కాదు, మోసం. ఆ మాట అన్నట్టు ఆగ్నేసమ్మకే తెలీదు. నోరు జారిపోయిందంతే. గబుక్కున అనేసి వెళ్ళిపో."

"మరి ఎవలికీ వినపడకపోతేనో మేడమ్?"

"వినపడకపోతే వినపడలేదు."

సత్యం అక్క ఆరోగ్యమ్మకి ఈ తతంగమంతా నచ్చలేదు. భర్త పోయాక పరవాడలో ఒంటరిగా ఉంటోంది. పండగకి నాలుగు రోజుల ముందే దిగి, మరదల్ని దులిపేసింది. "పునీతుల కత మానీసి ఈ మగేసాలు ఏటే? ఫాదరు ఎలా ఒప్పుకున్నారే?" ఫాదరు అన్న కోసం చెల్లెలు పడ్డ పాట్లు విని కళ్ళొత్తుకుని మరీ ఒప్పుకున్నారని చెప్తే, మూతి ముడుచుకుంది. "సదువుకున్నోళ్ళు, మీరేటి సేసినా సెల్లుతాది," అని తమలపాకుల పెట్టె ముందుకి లాక్కుంది.

పండగ సాయంత్రం పూజ అయిపోయి జనం హాల్లోకి వచ్చారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తాడు కట్టలేదు. చర్చిలో అలవాటే ఇక్కడా. మగవాళ్ళు ఒక పక్కకి, ఆడవాళ్ళు ఒక పక్కకి సర్దుకుని కూర్చున్నారు. మిరియం పిలిచిందని గురునాథరావు గారు, ఆయన భార్య రామలక్ష్మమ్మ గారు కూడా వచ్చారు. ఆవిడ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయిన మనిషి. చర్చి హాల్లోకి రావడం అదే మొదటిసారి. అయినా గుమ్మంలో ఒక్క చూపు చూసి, ఆవిడ పాటికి ఆవిడ ఆడవాళ్ళ వైపు వెళ్ళి కూర్చుంది. గురునాథరావు గారు సత్యం పక్కన కూర్చున్నారు.

తెర వెనక్కి వెళ్ళేముందు మిరియం సత్యాన్ని పక్కకి పిలిచింది. "మీకు ముందే తెలుసు కదా. చెవులప్పగించి వినండి. ఇంకెవరికీ కాకపోయినా మీకు వినపడితే చాలు, మనిషి చెవికి అందే మాటే అని ధైర్యం వస్తుంది నాకు."

"నాకు వినపడక ఎక్కడికి పోతాది?" అన్నాడు సత్యం. మనసులో మాత్రం రాయి పడింది. వినపడాలనే ఉంది. అయితే వినపడితే ఆవిడ మొండికేస్తుంది, పుస్తకం చేజారిపోతుంది. వినపడకపోతే పుస్తకం వస్తుంది, ఆవిడ మాత్రం లోపల విరిగిపోతుంది. ఏది కోరుకోవాలో తెలీక, మరియమాతా నీదే భారం అనుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

తెర లేచింది. దేవిశ్రీ సత్యం ఫ్యాక్టరీ బూట్లు తొడుక్కుని, కాటుకతో మీసం దిద్దుకుని, నడుముకి కత్తి వేలాడేసుకుని వచ్చింది. కుర్రాళ్ళు ఈలలేశారు. కోట గుమ్మం. నర్సమ్మ ఈటె అడ్డం పెట్టింది.

"ఎవడురా అది? ఏ ఊరు?"

"తూరుపు దేశం."

"పేరు?"

"యాకోబు."

"ఎవరితో వచ్చావు?"

సత్యం ముందుకి వంగాడు. దేవిశ్రీ పెదవులు కదిలాయి. నర్సమ్మ ఈటె తీసేసింది. దేవిశ్రీ బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్కడినే వచ్చాను. అంతే వినిపించింది సత్యానికి. ఎవరి మీద ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్తాడు. అయ్యో, పిల్ల గాభరా పడి పాత మాటే అనేసింది! ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టయింది కదా, మిరియం తెర వెనక ఎలా ఉందో ఏమో అని లేవబోయాడు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమని ఒక నవ్వు. దాని వెనకే ఇంకోటి. చూస్తుండగానే ముందు వరస నుంచి వెనక గోడ దాకా పాకింది. కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నవాళ్ళు, పక్కావిడ భుజం మీద చరిచేవాళ్ళు, చంటిపిల్ల జారిపోతుంటే పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆరోగ్యమ్మ అయితే తమలపాకు నోట్లో పెట్టుకున్న మనిషి, పొలమారి, దగ్గుతూ నవ్వుతూ ఉంది. "అయ్యో గుంటా, సెప్పీసినావే!" అని ఎవరో వెనక నుంచి అరిచారు. మళ్ళీ నవ్వులు.

మగవాళ్ళ వైపు నిశ్శబ్దం. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఏటయిందిరా?" "ఏమో బావా, మీసం ఊడిందేటి?" గురునాథరావు గారు సత్యం చెవి దగ్గరికి వంగి, "ఏమైందండీ? బట్టలేమైనా చిరిగాయా?" అన్నారు.  సత్యానికి విషయం మెల్లగా తలకెక్కింది. పిల్ల ఆ మాటే అంది. అన్నదున్నట్టు అంది. వాళ్ళందరికీ వినపడింది. ముప్పై ఏళ్ళు ఆ అక్షరంతో కాపురం చేసిన మనిషి, అందుకోసమే చెవులు రిక్కించి కూర్చున్న మనిషి, తనకి వినపడలేదు!

మిగతా నాటకం ఎలా సాగిందో సత్యానికి గుర్తులేదు. అన్న విడుదలయ్యాడు. ఫాదరు మళ్ళీ కళ్ళొత్తుకున్నారు. చప్పట్లు మోగుతుండగానే సత్యం తెర వెనక్కి పరిగెత్తి, ముందు దేవిశ్రీని పట్టుకున్నాడు.

"ఏటన్నావమ్మా నువ్వు? ఒక్కడినే అన్నావు కదా?"

"లేదు సార్. ఒక్కర్తినే అన్నాను. మేడమ్ సెప్పినట్టే."

మిరియం ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. కళ్ళ నిండా నీళ్ళు. ఆడవాళ్ళు బిలబిలా వచ్చి చుట్టూ చేరారు. గురునాథరావు గారు వాళ్ళని తోసుకుని వచ్చి, ముందు భార్యనే అడిగారు.

"ఎందుకు నవ్వావు నువ్వు?"

"ఆ పిల్ల ఒక్కర్తినే అంది కదండీ," అన్నారు రామలక్ష్మమ్మ గారు. అది చెప్తూ మళ్ళీ నవ్వొచ్చింది ఆవిడకి.

"అందా? నేను వినలేదే! నిజంగా అందా?"

"అనకేటి బాబూ!" అంది ఆరోగ్యమ్మ మధ్యలో దూరి. నవ్వీ నవ్వీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. "గుమ్మం కాడ ఆపీసి, ఎవలితో వచ్చినావని అడిగితే ఏ ఆడది గానీ ఏటంటాది? బస్సులో అడుగుతారు, ఆసుపత్రిలో అడుగుతారు, ఇల్లు అద్దెకి అడిగితే అడుగుతారు. నాను రోజూ సెప్పుకునే మాటే. మీసం ఎడితే మాత్రం నోరు మానుతాదేటి? మగోళ్ళని ఆ మాట అడిగినోడెవుడు?"

అక్కడున్న ఆడవాళ్ళెవరూ నవ్వలేదు ఈసారి. ఒకరిద్దరు తలూపారు.

మిరియం లేచి వచ్చి ఆరోగ్యమ్మ చెయ్యి పట్టుకుంది. "వదినా, నేను మాడ్రిడ్‌లో ఆ పుట తెరిచిన రోజు, అంత పెద్ద లైబ్రరీలో, నేనూ నీలాగే పైకి నవ్వేశాను. అక్కడి గుమాస్తా వచ్చి మందలించాడు. వీసా ఆఫీసులో, విమానాశ్రయంలో, నేను దిగిన హాస్టల్లో, ఎక్కడికెళ్ళినా ఎవరితో వచ్చావనే అడిగేవారు. ఒక్కర్తినే, ఒక్కర్తినే అని చెప్పీ చెప్పీ వెళ్ళి కూర్చున్నాను. ఆ మాటే కనపడింది. నాకు ఆ నిమిషమే తెలిసిపోయింది ఇది తప్పు కాదని. కానీ నాకు నవ్వొచ్చిందని రాస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? ఒక్క ఆడదాని నవ్వు ఎవరికి కావాలి?"

"ఇయాల ఒక్కర్తివా?" అంది ఆరోగ్యమ్మ. కొంగుతో మరదలి మొహం తుడిచింది, మోటుగా, చిన్నపిల్లకి తుడిచినట్టు.

సత్యం వెనకే నిలబడి ఉన్నాడు. సిగ్గుతో ఆయన మొహం కందిపోయింది. దాచిపెడదామా అనుకున్నాడొక క్షణం. దాచలేకపోయాడు.

"మిరియం, నాకు వినపళ్ళేదే. సెవులప్పగించే ఇన్నాను. ఒట్టు. నాకు ఒక్కడినే అని వినపడినాది."

మిరియం ఆయన వంక తేరిపార చూసింది. "నిజంగా?"

"నిజం. నన్ను నమ్ముకున్నావు, నాను..."

ఆవిడ మొహం వెలిగిపోయింది. అంతమంది చూస్తున్నారనైనా లేకుండా ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "మీరు నా ప్రాణం నిలబెట్టారండీ! మీకు వినపడి ఉంటే అది అందరికీ వినపడే మాట అయ్యేది, అంతే. దాకలో వాళ్ళకి వినపడి, నేల మీద వాళ్ళకి వినపడకపోవడమే కదా నేను ఇన్నాళ్ళూ చెప్తున్నది! ముందే చెప్పి కూర్చోబెట్టిన మగవాడికి కూడా వినపడలేదంటే ఇంకేం కావాలి? ఆ కాపలావాడికీ వినపడలేదు, అందుకే కదా లోపలికి వదిలేశాడు!"

"అయితే మార్చవు."

"మార్చను. ఇదంతా ఫుట్‌నోట్ రాసి పంపిస్తాను. ఒప్పుకుంటే ఒప్పుకుంటారు. లేకపోతే..." ఆవిడ ఆయన చేతులు వదిలింది. "లేకపోతే పుస్తకం రాదండీ. మీరు బాధపడతారు."

"రాకపోతే మానీ," అన్నాడు సత్యం. ఆయన గొంతు ఫ్యాక్టరీలో సైరన్ల మధ్య మాట్లాడేటంత పెద్దగా వచ్చింది. "ఆ అచ్చరం మీద ఇంకెవడైనా సెయ్యేస్తే ఊరుకుంటాననుకుంటన్నావా? వందేళ్ళు దిద్దింది సాల్దా?"

"ఫుట్‌నోట్‌లో మీ సంగతి రాయాలి మరి. వినపడని మనిషి అని. మీ పేరు రాయనా, ఎవరో ఒకాయన అని ఊరుకోనా?"

"ఎవలో ఒకాయనేటి? పేరెట్టి రాయి. ఇంటిపేరుతో సహా రాయి."

గురునాథరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి ఉన్నారు. ఇప్పుడు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు.

"నా పేరు కూడా రాయండమ్మా. నాకూ వినపడలేదు."

"రాయి, రాయి, సారు పేరు కూడా రాయి," అన్నాడు సత్యం. "కానీ ముందు నాది."